తెల్లవారితే గురువారం

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఏ గోడ చూసినా ఫుల్ స్టాక్ కోర్సు బోర్డే. నేను చేరిన రోజుల్లో జావా, డాట్‌నెట్‌ల పక్కన ‘మెర్న్’ అనే పేరు అప్పుడప్పుడే పెద్దక్షరాల్లోకి వస్తోంది. మోంగోడీబీ, ఎక్స్‌ప్రెస్, రియాక్ట్, నోడ్ అనే నాలుగింటి మొదటి అక్షరాలు అవి. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఆ చదువుకు దొరికిన ఉద్యోగంలో మనసు నిలవక వచ్చినవాణ్ణి నేను. డెమో క్లాసులో విన్న ఒక్క మాటకే ఫీజు కట్టేశాను: జావాస్క్రిప్ట్ ఒక్కటి వస్తే చాలు, తెర మీద కనిపించేదీ మీరే రాస్తారు, వెనక సర్వర్‌లో నడిచేదీ మీరే రాస్తారు.

ఆ మాటలో అబద్ధం లేదు. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలి రూపం ఇచ్చిన ఈ భాష చాలాకాలం బ్రౌజర్ దాటి పెద్దగా తిరగలేదు. 2009లో ర్యాన్ డాల్ అనే కుర్రాడు గూగుల్ క్రోమ్‌లోని వీ8 ఇంజిన్‌ను తీసి సర్వర్ మీద నిలబెట్టాడు. అదే నోడ్. మరుసటి ఏడాది టీజే హోలోవేచుక్, రూబీలోని సినాట్రాను చూసి, దాని మీద ఎక్స్‌ప్రెస్ కట్టాడు. పది లైన్లు రాస్తే సర్వర్ లేచి నిలబడుతుంది. ఇదంతా నిజమే. నేను మాత్రం ఆ మాటలో లేని ఇంకో మాట కూడా వినేశాను. భాష ఒకటే కాబట్టి రెండు వైపులూ ఒకటే అనుకున్నాను. ఆ తర్వాత చేసిన ప్రతి పెద్ద తప్పూ ఏదో ఒక దారిలో తిరిగి అక్కడికే చేరింది.

నేర్చుకున్న పద్ధతి కూడా దానికి తోడైంది. సార్ ప్రొజెక్టర్ మీద టైపు చేస్తారు, మేం వెంటనే కొడతాం. చేయాల్సిన పనుల జాబితా యాప్, ఆ తర్వాత ఒక షాపింగ్ సైటు నకలు. బ్రౌజర్ పంపిన డేటాను చదివి పెట్టే మిడిల్‌వేర్ లైన్ ఒకటి ప్రతి ప్రాజెక్టులోనూ మొదటే రాసేవాణ్ణి, పుస్తకం మొదట్లో శ్రీరామ రాసినంత అలవాటుగా. ఒకసారి అది మర్చిపోతే రిక్వెస్ట్ బాడీ ‘అన్‌డిఫైన్డ్’ అని వచ్చింది. ఒక పూటంతా తల పట్టుకుని, చివరికి పాత ప్రాజెక్టు నుంచి ఆ లైన్ తెచ్చి అతికించి ఊపిరి పీల్చుకున్నాను. ఆ లైన్ ఏం చేస్తుందో మాత్రం అప్పుడూ చూడలేదు. హెచ్‌టీటీపీ అంటే ఏమిటో తెలియకుండా దాని మీద కట్టిన ఫ్రేమ్‌వర్క్ నేర్చుకుంటున్నానని తెలియాలంటే, ఎవరైనా నిజంగా వాడే సైటు ఒకటి కట్టాలి. అది మా మామయ్య పుణ్యమా అని జరిగింది.

మామయ్యకు తణుకు దగ్గర ఒక ఫంక్షన్ హాలు ఉంది. “ఒరేయ్, సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నావుగా, బుకింగులు ఫోనులోనే అయిపోయేలా చెయ్యి” అన్నాడు. అప్పటిదాకా ఆ హాలు నడిచింది ఒక డైరీ మీద. అడిగినవాళ్ళ పేరు పెన్సిల్‌తో రాసేవారు, అడ్వాన్స్ అందాక దాని మీదే పెన్నుతో దిద్దేవారు. ఆ డైరీని నేను చిన్నచూపు చూశాను. అందులో ఏముందో చదవకుండానే దాన్ని తీసేసే యాప్ రాయడానికి కూర్చున్నాను.

సైటు బాగా వచ్చింది, చూడటానికి. తేదీ ఎంచుకోవాలి, హాలు అద్దె, జనరేటరు, శుభ్రం చేసే ఖర్చు, స్టేజీ అలంకరణ టిక్కు పెట్టుకోవాలి. మొత్తం అక్కడికక్కడే మారుతూ కనిపిస్తుంది. రియాక్ట్‌లో అది రాసినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. ఆ మొత్తాన్నే సర్వర్‌కు పంపేవాణ్ణి. సర్వర్‌లో ఎక్స్‌ప్రెస్ దాన్ని అందుకుని, వచ్చింది వచ్చినట్టు డేటాబేస్‌లో పడేసేది. రిక్వెస్ట్ బాడీ మొత్తాన్నీ ‘క్రియేట్’కు ఇచ్చేయడం ఒక్క లైన్ పని. క్లాసులో అలాగే చేశాం.

మామయ్య కొడుకు అప్పటికి బీటెక్ రెండో సంవత్సరం. సెలవులకు వచ్చి, సైటు చూసి, “బావా, నీ హాలు రూపాయికి ఇస్తున్నావా?” అన్నాడు. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, వెళ్ళే రిక్వెస్ట్‌ను కాపీ చేసి, మొత్తం దగ్గర ఒకటి అని రాసి మళ్ళీ పంపాడు. సర్వర్ ధన్యవాదాలు చెప్పి రసీదు ఇచ్చింది. అంతటితో ఆగలేదు వాడు. నేను పంపమని ఎక్కడా అడగని ‘స్టేటస్’ అనే గడిని తనే చేర్చి, దానికి ‘పెయిడ్’ అని రాసి పంపాడు. డేటాబేస్‌లో ఆ పేరుతో గడి ఉంది కాబట్టి అదీ పడిపోయింది. పైసా కట్టకుండా హాలు బుక్ అయింది.

కిరాణా కొట్టువాడు చిట్టా పుస్తకం తీసి కొనేవాడి చేతికే ఇచ్చి, నువ్వే రాసుకో అన్నట్టుంది నేను చేసిన పని. సిగ్గుపడ్డాను గానీ, సిగ్గుకంటే ఎక్కువ అయోమయంలో పడ్డాను. లెక్క వేసే కోడ్ నాదే కదా, నేను రాసిందే కదా అక్కడ నడిచింది? అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. బ్రౌజర్‌లో నడిచే కోడ్ నేను రాసిందే అయినా నాది కాదు. అది ఎదుటివాడి ఫోనులో, ఎదుటివాడి చేతిలో ఉంది. దాన్ని ఆపవచ్చు, మార్చవచ్చు, అసలు దాని జోలికి పోకుండా కమాండ్ లైన్ నుంచి కర్ల్‌తో నేరుగా నా సర్వర్ తలుపు తట్టవచ్చు. తెర మీద కనిపించే మొత్తం కొనేవాడి సౌకర్యం కోసమే. అసలు లెక్క సర్వర్ తన దగ్గరున్న ధరలతో మళ్ళీ వేయాలి, తనకు కావలసిన గడులను మాత్రమే ఏరుకోవాలి. రెండుచోట్లా ఒకే లెక్క రెండుసార్లు రాయడం వృథా కదా అని క్లాసులో ఎవరో అడగ్గా మేమంతా తలూపాం. అది వృథా కాదు.

ఇది చిన్న దెబ్బే, ఇంట్లోనే తెలిసింది. తేదీల దగ్గర తగిలిన దెబ్బ వేరు.

ముహూర్తం ఎప్పుడో ఫారంలో రాయించుకునేవాణ్ణి, తేదీ, సమయం కలిపి ఒకే గడిలో. దాన్ని చూపించడానికి ఒక ఫంక్షన్ రాసి ‘షేర్డ్’ అనే ఫోల్డర్‌లో పెట్టాను. రసీదు సర్వర్‌లో తయారవుతుంది, అక్కడా అదే ఫంక్షన్. క్యాలెండర్ బ్రౌజర్‌లో కనిపిస్తుంది, అక్కడా అదే. ఒకసారి రాసి రెండు వైపులా వాడుకోవడం ఫుల్ స్టాక్ గొప్పతనమని స్నేహితులకు చూపించాను కూడా. నా ల్యాప్‌టాప్ మీద ఏ లోపమూ లేదు.

క్లౌడ్‌లో పెట్టాక ఒక పెళ్ళివారు బుధవారం రాత్రి 9:00 ముహూర్తానికి బుక్ చేశారు. రసీదులో బుధవారం రాత్రి 9:00 అనే వచ్చింది. మామయ్య తెర మీది క్యాలెండర్‌లో మాత్రం అది గురువారం తెల్లవారుజాము 2:30 దగ్గర కూర్చుంది. తేడా ఐదున్నర గంటలు. సర్వర్ గడియారం యూటీసీలో ఉంది, మన గడియారం దానికంటే 5:30 ముందు ఉంది. ఫారం నుంచి వచ్చిన సమయంలో ఏ దేశపు సమయమో ఉండదు. అలాంటి సమయాన్ని, నడుస్తున్న యంత్రపు స్థానిక సమయంగా తీసుకోవాలన్నది జావాస్క్రిప్ట్ నియమం. సర్వర్ దాన్ని యూటీసీ తొమ్మిది అనుకుంది. రసీదు వేసేటప్పుడూ యూటీసీలోనే చదువుకుంది కాబట్టి తొమ్మిదే వేసింది. బ్రౌజర్ తణుకులో ఉంది కాబట్టి ఐదున్నర కలిపి చూపించింది. ఒకే ఫంక్షన్, ఒకే లైన్, రెండు చోట్ల రెండు జవాబులు. నా ల్యాప్‌టాప్‌లో సర్వరూ బ్రౌజరూ ఒకే యంత్రం కాబట్టి ఆ తేడా అక్కడ ఎప్పటికీ బయటపడదు.

మరి మామయ్యకు అనుమానం ఎందుకు రాలేదు? ఇక్కడే ఉంది తమాషా. తెల్లవారుజాము 2:30కు పెళ్ళేమిటని మనలో ఎవరు అడుగుతారు? మన ముహూర్తాలు ఆ వేళకు పడటం మామూలే. పైగా మనకు రోజు మారేది సూర్యోదయానికి. అందుకే శుభలేఖల్లో “బుధవారం రాత్రి 2:30 గంటలకు, తెల్లవారితే గురువారం” అని వేస్తారు. తెర మీద గురువారం అని చూసి, ఆయన తన అలవాటు ప్రకారం సర్దుకుని చదువుకున్నాడు. ఎవరో ఫోను చేసి అదే బుధవారం పగలు ఉపనయనానికి కావాలంటే, పెళ్ళి ఎలాగూ అర్ధరాత్రి దాటాకే కదా అని ఇస్తానన్నాడు. మమ్మల్ని కాపాడింది అత్తయ్య. నా యాప్ మీద నమ్మకం లేక డైరీ రాయడం మానలేదు ఆవిడ. “బుధవారం సాయంత్రానికే విడిదికి దిగుతారని చెప్పారు కదండీ” అని డైరీ తెచ్చి ముందు పెట్టింది.

మొదట నేను చేసిన మరమ్మతు మరీ ఘోరం. ఐదున్నర గంటలు తీసేసే లైన్ ఒకటి పెట్టాను. అది సర్వర్ మీద బాగుపడింది, నా ల్యాప్‌టాప్ మీద చెడింది. ఆ తర్వాతే కూర్చుని ఆలోచించాను. హాలు ఇచ్చే రోజు వేరు, ముహూర్తం వేరు. హాలు రోజు అసలు ఒక క్షణం కాదు, దానికి గంటలూ నిమిషాలూ లేవు. దాన్ని సంవత్సరం, నెల, రోజుగా ఉట్టి తేదీలాగే ఉంచాలి, ఏ గడియారానికీ అప్పగించకూడదు. ముహూర్తం క్షణమే, దానికి మాత్రం ఇది ఏషియా/కోల్‌కతా సమయమని రెండు వైపులా పేరు పెట్టి చెప్పాలి.

కొంత తప్పు భాషది కూడా. 1995లో తొందరలో జావా నుంచి ఎత్తుకొచ్చిన డేట్ అది. జావా వాళ్ళు 1997లోనే అందులోని చాలా పద్ధతులను వాడొద్దని పక్కన పెట్టారు. మనం మాత్రం జనవరిని సున్నాగా లెక్కపెడుతూ ఇంకా మోస్తున్నాం. ఉట్టి తేదీకి విడిగా ఒక రకం ఇచ్చే ‘టెంపోరల్’ 2025లో ఫైర్‌ఫాక్స్‌లోకి వచ్చింది. అది అన్నిచోట్లా స్థిరపడితే నాలాంటి వాళ్ళకు ఒక గుంట పూడినట్టే.

ఇక ఒకే రోజు ఇద్దరికి హాలు ఇచ్చిన కథ. పెళ్ళి హాలు వ్యాపారంలో ఏడాదంతా గిరాకీ సమానంగా ఉండదు. మూఢంలో తలుపులు మూసుకోవచ్చు. శ్రావణంలో మంచి ముహూర్తం ఒకటి పడితే ఆ ఒక్క రోజు కోసం ఊరంతా వస్తుంది. పురోహితులు వేరైనా పంచాంగం ఒకటే. కాబట్టి ఇద్దరు ఒకే తేదీని ఒకే సమయంలో నొక్కడం మామూలు సైట్లకు అరుదేమో గానీ, ఇక్కడ అది జరిగి తీరుతుంది.

ఆ ప్రమాదం నాకు తట్టకపోలేదు. తట్టి, కొట్టిపారేశాను. నోడ్ ఒకే దారం మీద నడుస్తుందని, ఒకసారి ఒకే పని చేస్తుందని క్లాసులో చెప్పారు. అయితే ఇద్దరు ఒకేసారి లోపలికి ఎలా వస్తారు అనుకున్నాను. కోడ్ ఇలా ఉంది: తేదీ ఖాళీగా ఉందా అని డేటాబేస్‌ను అడుగు, ఉంటే డబ్బు కట్టించుకో, కట్టాక రాసేయ్. ప్రతి అడుగు ముందూ ఒక ‘అవెయిట్’. ఆ మాట దగ్గర నా ఫంక్షన్ ఆగి, దారాన్ని ఇంకొకరికి వదిలేస్తుందని నాకు ఎక్కలేదు. దారం ఒకటే, కానీ దాని మీద ఎన్నో పనులు సగం సగం అయి వేచి ఉంటాయి. నోడ్ అంతమందిని తట్టుకోగలిగేదే అందువల్ల. ఒకరు యూపీఐ పిన్ గుర్తు తెచ్చుకుంటూ ఉండగా రెండోవారూ తేదీ ఖాళీయే అన్న జవాబు తీసుకుని లోపలికి వచ్చేశారు. ఇద్దరూ డబ్బు కట్టారు. ఇద్దరికీ రసీదు వెళ్ళింది. మామయ్య రెండోవాళ్ళకు పక్క ఊళ్ళో వేరే హాలు చూసిపెట్టి, అద్దెలో తేడా తనే భరించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నిజానికి డేటాబేస్‌లో తేదీ గడికి ‘యూనిక్’ అని నేను ముందే పెట్టాను. అది ఎందుకు ఆపలేదో చూస్తే నా రెండు తప్పులూ అక్కడ చేతులు కలిపాయి. గడిలో ఉన్నది రోజు కాదు, ముహూర్తపు క్షణం. ఒకరిది ఉదయం 9:12, ఇంకొకరిది 10:40. డేటాబేస్ దృష్టిలో అవి రెండు వేర్వేరు విలువలు, ఆపాల్సిన పనే లేదు.

మోంగోడీబీలోనూ దీన్ని సరిచేయవచ్చు. నేను పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌కు మారాను, లెక్కల పని ఎక్కువ కాబట్టి. ఉట్టి తేదీ కాలమ్, దాని మీద యూనిక్ నిబంధన. ముందు వరస రాసేయాలి, ‘పట్టి ఉంచాం’ అని గుర్తుతో. రెండోవాడి వరసను డేటాబేసే తిప్పికొడుతుంది. డబ్బు వస్తే ఖాయం చేయాలి, గడువులోగా రాకపోతే తీసేయాలి. ఇదంతా కట్టి మామయ్యకు వివరిస్తుంటే ఆయన నవ్వి డైరీ చూపించాడు. పెన్సిల్, పెన్ను. ఖాళీ ఉందా అని చూడటం, రాయడం రెండు పనులుగా విడదీసింది నేనే. ఆ డైరీలో అవి ఎప్పుడూ ఒకే పని.

మిగతా తప్పులు మామూలువి. ఎక్స్‌ప్రెస్ నాలుగో వెర్షన్‌లో ‘ఎసింక్’ హ్యాండ్లర్ లోపల పుట్టిన తప్పును మనమే పట్టుకుని అందించాలి. నేను పట్టుకోలేదు. నోడ్ 15 నుంచి అలా వదిలేసిన తప్పుకు ప్రాసెస్ మొత్తం పడిపోతుంది. ఒకరి ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువైతే హాలు సైటే ఆగిపోయేది. 2024లో వచ్చిన ఐదో వెర్షన్ ఆ పని తనే చేస్తోంది. అప్పట్లో నాకు ధైర్యం ఇచ్చింది ఒక ప్రసంగం. నోడ్‌ను పుట్టించిన ర్యాన్ డాల్ 2018లో బెర్లిన్‌లో నిలబడి, నోడ్ విషయంలో తాను పశ్చాత్తాపపడుతున్న సంగతులు వరసగా చెప్పుకొచ్చాడు. ప్రామిస్‌లను మొదట్లో పెట్టి తీసేయడం అందులో ఒకటి. అవెయిట్ ఎదురుచూసేది ఆ ప్రామిస్‌ల కోసమే కాబట్టి, ఆయన చేసిన పొరపాటును నేను ఆ రూపంలో అనుభవిస్తున్నానని కొంచెం తృప్తిగా అనిపించింది, అది న్యాయం కాకపోయినా.

తర్వాత ఉద్యోగంలో నెక్స్ట్‌జేఎస్ పట్టుకున్నాను. 2016లో మొదలైన ఈ ఫ్రేమ్‌వర్క్‌లో ఇప్పుడు రెండు వైపుల మధ్య గీత ఇంకా సన్నబడింది. ఒకే ఫోల్డర్‌లో పక్కపక్క ఫైళ్ళు, ఒకటి సర్వర్‌లో, ఒకటి బ్రౌజర్‌లో. ‘యూజ్ క్లయింట్’ అన్న ఒక్క లైనే తేడా. రహస్యంగా ఉంచాల్సిన ఒక కీ బ్రౌజర్‌లో ఖాళీగా వస్తోందని, దాని పేరు ముందు ‘నెక్స్ట్ పబ్లిక్’ తగిలించి పని జరిపించుకున్నాను ఒకసారి. ఆ రెండు పదాలు చేసే పనే, ఆ విలువను లోకానికంతా పంచే కోడ్‌లో అచ్చు వేయడం. ‘పబ్లిక్’ అన్న మాట కళ్ళెదుటే ఉంది. సీనియర్ ఒకావిడ రివ్యూలో పట్టుకుని కీ మార్పించింది. ఆ తర్వాత లాగిన్ తనిఖీని మిడిల్‌వేర్ ఒక్కదానికే వదిలేయడం కూడా మానేశాను. 2025 మార్చిలో ఒక హెడర్ జోడిస్తే నెక్స్ట్‌జేఎస్ మిడిల్‌వేర్‌ను దాటిపోవచ్చని బయటపడినప్పుడు, మా బృందంలో ఆ రాత్రి నిద్ర పట్టింది, డేటా తీసే ప్రతి చోటా ఆవిడ మా చేత మళ్ళీ తనిఖీ పెట్టించింది కాబట్టి.

ఇప్పుడు చుట్టాల పిల్లలు ఎవరైనా ఎక్కడ మొదలుపెట్టమంటారని అడిగితే, ఎక్స్‌ప్రెస్ కూడా లేకుండా నోడ్‌లో ఉన్న హెచ్‌టీటీపీ మాడ్యూల్‌తో ఒక చిన్న సర్వర్ రాయమంటాను. బ్రౌజర్ తెరవకుండా కర్ల్‌తో మాట్లాడమంటాను. వచ్చే బాడీ ముక్కలు ముక్కలుగా రావడం, దాన్ని మనమే కూడగట్టడం చూడాలి. విసుగ్గానే ఉంటుంది. చాలామంది వారంలో వదిలేసి మళ్ళీ వీడియోల్లో పడతారు, వాళ్ళను నేను తప్పు పట్టను. సర్వర్‌ను కనీసం యూటీసీలో నడపండని మాత్రం పట్టుబడతాను, ల్యాప్‌టాప్ మీద కూడా.

హాలు సైటు ఇంకా నడుస్తోంది. ఇప్పుడు మామయ్య కొత్త కోరిక పెట్టాడు. పగలు ఒక ఉపనయనం, రాత్రి ఒక రిసెప్షన్ ఒకే రోజు ఇవ్వాలట, డైనింగ్ హాలు విడిగా కూడా ఇవ్వాలట. రోజుకు ఒకటే అన్న నా యూనిక్ నిబంధన దానికి సరిపోదు. పోస్ట్‌గ్రెస్‌లో సమయాల మధ్య నిడివినే ఒక విలువగా దాచి, ఒకే గది విషయంలో రెండు నిడివులు ఒకదాని మీద ఒకటి పడకుండా చూసే ఎక్స్‌క్లూజన్ నిబంధన ఉంది, దానితో రాస్తున్నాను. ఒక ఫంక్షన్ నాలుగింటికి ముగిస్తే ఇంకోటి సరిగ్గా నాలుగింటికి మొదలుపెట్టడానికి అది ఒప్పుకుంటుంది. గిన్నెలు తీసి హాలు కడగడానికి మధ్యలో ఎంతసేపు వదలాలో అడిగితే మామయ్య గంట చాలన్నాడు, అత్తయ్య రెండున్నర అంది. ప్రస్తుతానికి రెండున్నరే పెట్టాను.